అరచేతిలో కర్పూరం

పక్కింటి షంషాద్‌బీ కూతురు రుక్సానా మడకశిరలో కాపురం ఉంటుంది. మొన్న ఆదివారం పుట్టింటికి వచ్చి, నన్ను పిలిచి ఫోనులో సినిమా పెట్టింది. అందులో ఒక తండ్రి దేవుడి ఆజ్ఞ అని ఇంటి తలుపులన్నీ మూసేస్తాడు. పిల్లలు లోపల చిక్కిపోతుంటారు. దేవుడి పేరుతో పలుకుతున్నది ఎవరో చివరిదాకా తెలియదట. రుక్సానా నా మోకాలు తట్టి, "భయపడొద్దవ్వా, అంతా సెట్టింగే," అంది. నేను సగంలో లేచి వచ్చేశాను. మా ఇంట్లో పలికింది ఎవరో నాకు మొదటినుంచీ తెలుసు.

మాది పెనుకొండ. మంగళవారాలు నా ఒంటిమీదికి సుంకులమ్మ వస్తుంది. ముప్పై ఏళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు, ఇంటి ఆనవాయితీ ప్రకారం మా మామ వెలిగించిన కర్పూరం బిళ్ల నా అరచేతిలో పెట్టాడు. అమ్మ నిజంగా వచ్చి ఉంటే చెయ్యి కాలదు. నాకు కాలలేదు. ఆ సంగతి ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. తర్వాత నన్నెవరూ పరీక్షించలేదు. మంగళవారం పీట మీద కూర్చుని నేను ఏమి చెప్పినా అమ్మ చెప్పినట్టే.

నేను బడికి పోలేదు. బస్టాండులో పూలు అమ్ముతూ, బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. ముందుగా చదవగలిగిన మాట ధర్మవరం. మా చెల్లెలు ఆ బస్సెక్కి పోయి మళ్లీ రాలేదు. రెండోది హిందూపురం. నా మొగుడు ఆ బస్సెక్కాడు. మిల్లులో పని దొరికిందని ఒక కార్డు వచ్చింది, అంతే. ఇప్పటికీ ఊరి పేరున్న బోర్డు కనబడితే ఎవరు ఎక్కుతున్నారో అని కిటికీలన్నీ వెతుక్కుంటాను.

నా మనవరాలు రాణికి హిందూపురంలో నర్సింగ్ సీటు వచ్చింది. ఆ వారంలో మంగళవారం అమ్మ నా మీదికి వచ్చి, పోయింది. పోయిన సంగతి నాకు తెలుస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది, నోట్లో వేపాకు చేదు తగులుతుంది. జుట్టు విరబోసుకుని, పసుపునీళ్లు కారుతుండగా ఇంకా పీట మీదే ఉన్నాను. నా వెనక కోడలు గంగరత్న నా కొడుకు కొండప్పతో మెల్లగా అంటోంది.

"రేపు పొద్దున బస్సుకే పోతాం. హాస్టల్లో ఇడిసిపెట్టి వస్తా. బిడ్డ పెట్టె గూడా సర్దేసింది."

పెట్టె అన్న మాట వినగానే నా నోరు తెరుచుకుంది.

"ఈ పిల్ల నాది," అన్నాను అమ్మ గొంతుతో. "నా గీత దాటిస్తే ఈ ఇల్లు నిలవదు."

గీత అన్నాను గానీ అది ఏ గీతో నేను అనుకోలేదు. కొండప్ప అనుకున్నాడు. తెల్లవారేసరికి పసుపూ కుంకుమా కలిపి ఇంటి చుట్టూ గీత గీశాడు. షంషాద్‌బీ చీపురు పట్టుకుని చూస్తూ, "ఏమప్పా కొండప్పా, చీమలమందు చల్లినావా?" అంది.

"అమ్మ గీత అది, షంషాదక్కా. తొక్కొద్దు," అని నవ్వాడు వాడు. వాడికి హైవే పక్కన పంక్చర్ల అంగడి ఉంది. అది మూసేశాడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు. "మనింటి బిడ్డని అమ్మ కోరుకుండాది. ఎవరికి దొరుకుతాది ఈ భాగ్యం?" అంటూ వెనక తలుపుకు మేకులు కొట్టాడు.

గంగరత్న వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నువ్వొక్క మాట చెప్తే ఇంటాడు. చెప్పు అత్తా."

"అమ్మ మాటకు నేనెంతదాన్ని?" అన్నాను.

ఇప్పుడు చెప్తుంటే కూడా ఆ మాట దగ్గర నా తల వంగిపోతోంది. రాణి పోకుండా ఇంట్లో ఉంది కదా అని ఆ పూట నేను కడుపునిండా తిన్నాను కూడా.

నాలుగో రోజు గంగరత్న గీత దాటి హిందూపురం పోయి, చేరడానికి గడువు అడిగి వచ్చింది. కొండప్ప గడపలో నిలబడి ఆమెకు చేతులు జోడించాడు. "నువ్వు దాటినావు. ఇంగ లోపలికి రావద్దు. నీకు దండం పెడ్తా." ఆమె పొద్దు వాలేదాకా షంషాద్‌బీ అరుగు మీద కూర్చుని, ధర్మవరంలో వాళ్ల అన్న ఇంటికి పోయింది. తర్వాత రెండుసార్లు వచ్చి కిటికీ దగ్గర ఏడ్చింది. పోలీసులను పిలుస్తానంటే రాణే వద్దంది. "నేను రానుమా. నేను దాటితే నువ్వు చచ్చిపోతావు."

మొదట్లో తలుపులు బాదిన పిల్ల అది. కొండప్ప దానికి తీర్థం, పిడికెడు బియ్యంపిండి తప్ప ఏమీ పెట్టనిచ్చేవాడు కాదు. ఇరవై రోజులకు అది అడగడమే మానేసింది. ఒక మధ్యాహ్నం నీళ్లు తీసుకుపోతే గోడకు ఆనుకుని తన కాళ్లనే చూసుకుంటోంది.

"అవ్వా, గీత లోపలికొస్తాంది. నిన్న గడపకాడ ఉండె. ఈ పొద్దు మంచం కిందికి వచ్చేసింది." మంచం కింద ఏమీ లేదు. "అమ్మ నన్నేమి చేసుకుంటాదవ్వా?"

చెంబు కింద పెట్టి దాని నుదుటి మీద చెయ్యి వేశాను. దాని చెంపలు లోపలికి పోయాయి. జ్వరంతో ఒళ్లు కాలుతోంది. నేరుగా కొడుకు దగ్గరికి పోయాను.

"రేయ్ కొండా. ఆ పొద్దు పలికింది అమ్మ కాదు. నేను. పిల్ల పోతాదని నేనే అనేసినా."

వాడు వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు. "నాకు తెలుసులేమ్మా. తల్లి నీ నోటితో నన్ను పరీక్ష చేస్తాంది."

"పరీక్ష గాదురా. అబద్ధమాడినా."

"సరేలేమ్మా," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఇరవై ఎనిమిదో రోజు మంగళవారం. స్నానం చేసి పీట మీద కూర్చున్నాను. ఒక్కసారి రా తల్లీ, నిజంగా రా, వచ్చి నువ్వే చెప్పు అని మొక్కుకున్నాను. కొండప్ప గంట కొట్టీ కొట్టీ చెయ్యి మార్చుకున్నాడు. నోట్లో వేపాకు చేదు పోలేదు. అమ్మ రాలేదు. ఇంక లాభం లేదని జుట్టు విప్పుకుని తల ఊపాను.

"బిడ్డను ఇడుస్తాండా. దాని తల్లికాడికి పంపు."

గంట ఆగింది. కొండప్ప కళ్లలో నీళ్లు. "నీ మాట దాటను తల్లీ. కానీ మొన్న నన్ను కన్నతల్లి వేరేగా చెప్పింది. తప్పు పట్టుకోవద్దు, మా తాత చేసినట్టే చేస్తా," అని కర్పూరం బిళ్ల వెలిగించి నా అరచేతిలో పెట్టాడు.

మొదట వెచ్చగా ఉంది. తర్వాత చర్మం ముడుచుకోవడం తెలిసింది, ఆ వాసనా తెలిసింది. చెయ్యి కదిలిందా, పిల్ల లోపలే పోతుంది. ఎదురుగా గోడ మీద పాత క్యాలెండరు ఉంటే అందులో అక్షరాలన్నీ వరసగా చదివాను, మళ్లీ మొదటినుంచి చదివాను. పిల్ల గది గుమ్మంలో కూర్చుని నా చేతినే చూస్తోంది. బిళ్ల కరిగి ఆరిపోయేదాకా నేను కదలలేదు. వెంటనే పిడికిలి బిగించాను. కొండప్ప నేల మీద సాగిలపడ్డాడు.

కబురు అంది సాయంత్రం గంగరత్న వచ్చి దాన్ని ఎత్తుకున్నట్టే నడిపించుకుపోయింది. బస్సు బోర్డు మీద ధర్మవరం అని ఉంది. ఈసారి ఎక్కించింది నేనే.

మూడు వారాలకు గంగరత్న ఫోను చేసింది. "అత్తా, మీ మనవరాలికి జ్వరం తగ్గింది గానీ, మా అన్న గడపకు అడ్డంగా గీత గీసుకునింది. బయటికి రాదు. సోమవారం చేరకుంటే సీటు పోతాది."

సోమవారం మొదటి బస్సుకు పోయాను. వాళ్ల అన్న ఇంట్లో మగ్గం ఆడుతోంది. గడప లోపల చక్కగా, సన్నగా పసుపు గీత. వాళ్ల నాయన గీసినదాని కంటే నేరుగా ఉంది. నేను బయటే నిలబడి చెయ్యి చాచాను.

"రాణీ, చూడు."

అది చాలాసేపు చూసింది. "కాలిందా అవ్వా?"

"కాలింది. ఆ పొద్దు అమ్మ రాలేదు. గీత అన్న పొద్దూ లేదు. నువ్వు బస్సెక్కుతావని ఓర్చుకోలేక నేనే అన్నా."

మగ్గం ఆగిపోయింది.

"మంచం కిందికి వచ్చింది ఎవరు మరి?"

"ఎవరూ రాలేదు నాయనా."

"అంటే ఇన్ని దినాలు నేను భయపడింది నీకా?"

"నాకే."

అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. "అయితే నువ్వే తుడుచు."

వీధిలో నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని తుడిచాను. తడి తగిలి చెయ్యి భగ్గుమంది. లేవబోతుంటే, "ఆడ సందులో ఇంకా ఉండాది," అంది. గోటితో గీకి తీశాను. అప్పుడు పెట్టె తీసుకుని గడప మీద ఒక్క క్షణం ఆగి, కాలు బయట పెట్టింది. గంగరత్న దాని వెంట బస్టాండుకు పోయింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. పచ్చబడ్డ గుడ్డ ఎక్కడ ఆరెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

మరుసటి రోజు మంగళవారం. కొండప్ప పీట వేసి ఉంచాడు. వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. కర్పూరం సంగతి ఊరంతా పాకింది. నేను పీట మీద కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చుని, అందరికీ కనబడేలా చెయ్యి తెరిచాను. పుండు ఇంకా మానలేదు.

కొండప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "చూడండప్పా, అమ్మ ఇచ్చిన గుర్తు," అని పళ్లెంలోంచి పసుపు తీసి పుండు మీద పెట్టాడు.

ఈసారి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కాలుతాందిరా కొండా," అన్నాను, వాకిట్లో చివర నిలబడినవాళ్లకు కూడా వినబడేలా. "ఆ పొద్దూ కాలింది."

వాడి వేళ్ల మధ్య పసుపు అట్లాగే ఉండిపోయింది.