పదకొండు సుద్దగీతలు

సోమవారం నుంచి వదిన పనిలోకి రానక్కర్లేదని మేనేజర్ గురువారం చెప్పాడు. కారణం, నెమ్మది. మాది తలుపుల ఫ్యాక్టరీ. రంపం దగ్గర కోసిన పలకల్ని, వాటిని నునుపు చేసే చిత్రిక మిషన్‌కి చేర్చేది నలుగురు ఆడవాళ్లం. అందులో వదిన వయసులో పెద్దది. నాది నోరు పెద్దది.

"నలభై అడుగుల దూరం. దానికి మిషన్ గంటలకు గంటలు ఖాళీగా కూర్చోవాలా?" అన్నాడు.

కోపం వచ్చింది. కానీ అడిగింది నిజమే. నలభై అడుగులకు ఇంత ఆలస్యం ఎందుకు?

శుక్రవారం సుద్దముక్క పట్టుకుని, పలకను ఎవరు లేపినా దాని మీద ఒక గీత గీయమన్నాను.

"పలకా, సుద్దా... ఈ వయసులో బడికి పోతావేంటమ్మా?" రంపం మేస్త్రీ నవ్వాడు.

"గీయి మేస్త్రీ. మార్కులు తర్వాత వేస్తాను."

మధ్యాహ్నానికి ఒక్కో పలక మీద పదకొండు గీతలు తేలాయి. మా దగ్గర పలకను చేతి నుంచి చేతికి ఇవ్వరు. పెచ్చు లేస్తే ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే మేనేజర్ తిట్లు. అందుకే ఇచ్చేవాళ్లు నేల మీద పెట్టి తప్పుకుంటారు, తీసుకునేవాళ్లు లేపి తిరగేసి చూసి, దించి మళ్లీ లేపుతారు. భయం ఆయన పెట్టాడు, అలవాటు మేం చేసుకున్నాం. చెయ్యి తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టు, నడుములు విరగ్గొట్టుకున్నాం.

వాటిలో ఒక పలకను నలుగురం మేనేజర్ గదిలోకి మోసుకెళ్లి నేల మీద పడేశాం.

"పదకొండు సార్లు లేపండి సార్."

పంతానికి లేపాడు. నాలుగోసారికి నడుం పట్టుకున్నాడు.

"నెమ్మదిగా చేస్తున్నారేంటి సార్?" అంది వదిన. నిన్నటి నుంచి నోరు విప్పని మనిషి.

ఆయన నవ్వలేదు. "ఏం కావాలి?"

"పనికిరాని తలుపు ఒకటి, నాలుగు చక్రాలు, ఒక్క రోజు," అన్నాను.

శనివారం ఆ తలుపు నడుమెత్తు బండి అయింది. రంపం నుంచి పలక నేరుగా దాని మీదికి. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ అక్కడే కలిసి చూసుకుని బండి తోస్తారు. రెండే గీతలు. పొద్దున పదకొండు గంటలకే చిత్రిక మేస్త్రీ కేక పెట్టాడు: "ఆపండే తల్లీ! నన్ను ఊపిరి పీల్చుకోనివ్వండి!"

మేనేజర్ వచ్చి చూశాడు. కళ్లు చిన్నవి చేశాడు. "బాగుంది. అయితే ఇద్దరు చాలుగా?"

ఈ మాట వస్తుందని తెలుసు.

"మా నడుములు మిగిల్చుకోడానికి కట్టిన బండి ఇది, మమ్మల్ని తగ్గించుకోడానికి కాదు. వదినను వద్దంటే సోమవారం నలుగురమూ రాం."

రంపం ఆగింది. రంపం మేస్త్రీ మా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నేనూ రాను," అన్నాడు. వెనక చిత్రిక మిషన్ కూడా ఆగింది.

మేనేజర్ అటూ ఇటూ చూసి, "సరే, రమ్మనండి," అని గదిలోకి పోయాడు.

సోమవారం నేను వెళ్లేసరికి వదిన బండి చక్రాలకు నూనె వేస్తోంది.

"ఆలస్యమైంది, నెమ్మదిదానా," అంది.