అరలో పరిచిన రక్షణ శాఖ

ఖురూజ్ కాగితం మీద యజమాని సంతకం పడితే తప్ప ఇంటి పనివాళ్లం ఈ గల్ఫ్ దేశం దాటలేం. నేను వండిపెట్టే ముసలాయన, మేమంతా బాబా అని పిలిచే మా యజమాని, నాలుగు రోజులుగా ఒకటే మాట. "పోయిన అధ్యాయం దొరకనీ, తర్వాత చూద్దాం."

అక్కడ కడప ఆసుపత్రిలో నా కూతురు సుభాషిణికి ఏడో నెలకే నొప్పులు. ఈయనకేమో పుస్తకం! రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఢిల్లీలో తెల్లదొరల రక్షణ శాఖ ఎలా నడిచిందో ఆ చరిత్రట. ఎవడికి కావాలి నాయనా? కిటికీ తీస్తే అల్ తుమామా స్టేడియం క్రేన్లు, వరల్డ్ కప్ గోల. ఈయన మాత్రం ఎనభై ఏళ్ల కిందటి ఫైళ్లలో కూర్చుంటాడు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో దుమ్ము తుడుస్తూ కందిపప్పు డబ్బా ఎత్తాను. అర మీద పరిచిన కాగితాల నిండా బాబా చేతిరాత. డబ్బాల కింద పాత కాగితాలు పరవడం మా ఊళ్లో అలవాటు. చెత్తబుట్ట పక్కన పడి ఉంటే పనికిరానివనుకుని నేనే తెచ్చి పరిచాను. పాపిష్టి చేతులు!

డ్రైవర్ రామాంజులును పిలిచాను. మా జిల్లావాడే, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు.

"కొంప ముంచినావు గదా హనుమక్కా! బాబా ఎతుకుతాండేది ఇవే."

"ఏం రాసినాడ్రా?"

"ఒక సిపాయి, బిడ్డకు బాగలేదని సెలవడిగినాడంట. ఆ అర్జీ మూడు నెలలు ఆఫీసులో టేబుల్ టేబుల్ తిరిగిందంట. చించి పారేయక్కా. చూస్తే నిన్ను పోలీసులకు పట్టిస్తాడు."

పారేస్తే ఆయన సంతకం పెట్టడు. ఇస్తే ఏం చేస్తాడో తెలియదు. ఏడుస్తూ వెళ్లి నూనె మరకల కాగితాలు బాబా ముందు పెట్టాను.

ఆయన మొహం ఎర్రబడింది. చెయ్యెత్తాడు కూడా. బొంబాయిలో చదివినవాడు, హిందీ తెలుసు. వచ్చీరాని హిందీలోనే అరిచాను.

"ఎవురో సిపాయి కోసరం ఇన్ని కాగితాలు రాసినావే బాబా! నా అర్జీ గూడా నీ టేబుల్ మీదనే ఉండాది. నాలుగు దినాలాయె!"

చెయ్యి దిగింది. పసుపు మరక అంటిన ఆ పేజీని ఆయన మెల్లగా చదువుకున్నాడు.

"సెలవొచ్చినాక ఆ సిపాయి బిడ్డను చూసినాడా బాబా?"

ఆయన ఆ పేజీని బోర్లించేశాడు. నా వైపు చూడకుండా ఖురూజ్ కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

ఆ బిడ్డ సంగతి అడగకుండా ఉండాల్సింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాను.

"రామాంజులూ, యల్లా! బండి తీయరా!"