సందు పూడేదాకా

ఎర్రరంగు డబ్బా పట్టుకున్న కుర్రాడు నేల మీద గీత గీసుకుంటూ వచ్చి, సున్నాలక్క వంటింటి వెనక గోడకి ఒక అడ్డగీత కొట్టి, దీపస్తంభం వైపు తిరిగాడు. గిన్నెలు తోముకుంటున్న అక్క చెయ్యి ఆగిపోయింది. గీత సముద్రం వైపు నుంచి కదా పోవాలి? ఇదేంటి, ఇంటి వెనక నుంచి పోతోంది?

“ఏం బాబూ, ఎందుకీ గీత?”

“కొత్త గోడకమ్మా. సముద్రాన్ని ఆపే గోడ దీని మీదే లేస్తుంది.”

“మరి మా వీధి?”

వాడు రంగు అంటిన వేలు సముద్రం వైపు చూపించాడు. “అటు పోద్ది.”

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి! వాణ్ణి అని ఏం లాభం, గియ్యమన్నచోట గీశాడు.

ఆ రేవులో దీపస్తంభం ఉంది, దాన్ని కాసే పాత రాతిగోడ ఉంది, గోడనానుకుని మేస్త్రుల వీధి ఉంది. మూడూ ఒక్క చేతుల పని. దీపస్తంభం కట్టడానికి వచ్చినవాళ్ళు మిగిలిన రాళ్ళతో తమ ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ మనవలూ మునిమనవలే ఇప్పటికీ ఆ గోడకి మరమ్మతులు చేస్తున్నారు. సున్నం కలపడంలో చెయ్యి తిరిగింది కాబట్టి అక్కకి ఆ పేరొచ్చింది. అసలు పేరు ఆవిడే మర్చిపోయి ఉంటుంది.

ఇదివరకు తుఫాను దాని కాలానికి అది వచ్చేది, పోయేది. ఇప్పుడు దానికి వేళాపాళా లేదు. గోడ అడుగుని తడిపి పోయే నీళ్ళు గోడ దూకి పెరట్లో పడుతున్నాయి. ఉప్పు తిని సున్నం పిండిలా రాలుతోంది. ఎండలు ముదిరి, ఎక్కడో మంచు కరిగి సముద్రం పెరుగుతోందని కాలేజీ పిల్లలు చెప్పారు. దీపస్తంభం మన వారసత్వం, కాపాడాలి అని ఊరేగింపు తీశారు. ప్రభుత్వం సరేనంది. మేస్త్రుల సంఘం కార్యదర్శి బండెక్కి, “మన వీధిని కూడా చుట్టుకునే పోతుంది కొత్త గోడ!” అని అరిచాడు. ఆ కార్యదర్శి అక్కకి సొంత తమ్ముడు. తల్లి పోయాక తల్లై పెంచిన తమ్ముడు. ఆ రోజు అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది పిచ్చిది.

అక్క తడి చేతులతోనే గోడ పని చూసే ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది.

“మీకు తెలియదా అమ్మా?” ఇంజనీరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “టౌన్‌హాల్లో సభ పెట్టి అందరి అభిప్రాయం అడిగాం కదా. మీ వీధి నుంచి ఒక్కరూ రాలేదు. అభ్యంతరం లేదనుకున్నాం.”

“ఎప్పుడు సార్ సభ?”

“మొన్న అమావాస్య నాడు, సాయంత్రం.”

అక్క వెనక్కి తిరిగింది.

మేస్త్రులకి ఒక కట్టుబాటుంది. గోడలోంచి రాయి తీస్తే, తిరిగి పెట్టి, రాయికీ రాయికీ మధ్య సందు సున్నంతో పూడ్చేదాకా గోడ దిగకూడదు. తెరిచిన సందులో పోటు నీరు దూరితే గోడ కడుపు ఖాళీ అవుతుంది. అందుకని ఇంట్లో పీనుగ లేచినా దిగరు. ఓ పెళ్ళికొడుకు దిగకపోతే పెళ్ళికూతురే తిట్టుకుంటూ వచ్చి సున్నం అందించిందని ముసలి మేస్త్రి చెప్పి చెప్పి నవ్విస్తుంటాడు. ఆ పెళ్ళికొడుకు తనే.

అమావాస్య నాడు తమ్ముడే వచ్చాడు. “దీపస్తంభం కింద రాయి కదులుతోంది, ఇవాళే తీసి పెట్టాలి, అందరూ రండి” అన్నాడు. పెద్ద పోటు రోజున రాయి తియ్యడమేంట్రా అని ముసలి మేస్త్రి గొణిగాడు. అయినా సంఘం మాట కదా అని ఎక్కారు. పొద్దుగూకేదాకా వీధి వీధంతా గోడ మీదే ఉంది. ఆ వేళకే టౌన్‌హాల్లో వాళ్ళ బతుకు తేల్చేశారు.

ఇంజనీరుకి ఈ కట్టుబాటు తెలియదు. గోడ కట్టే కాంట్రాక్టరుకీ తనంతట తెలియదు. ఎవరు చెప్పి ఉంటారు? తమ్ముడు కాదు, తమ్ముడు కాదు అనుకుంటూనే అక్క వీధిలోకి నడిచింది.

సున్నపు కొట్టంలో వీధంతా పోగయింది. అక్క అడిగితే తమ్ముడు తల దించలేదు.

“అవును, మనం గోడ దిగమని కాంట్రాక్టరుకి నేనే చెప్పాను. సభ సంగతి మీకు చెప్తే ఒప్పుకోరు కాబట్టి ఇలా చెయ్యాల్సొచ్చింది. వీధి ఎలాగూ మునుగుతుంది. దూరంగా అందరికీ ఇళ్ళిప్పిస్తానన్నారు.”

“నీకేమిస్తానన్నార్రా?” ముసలి మేస్త్రి అడిగాడు.

తమ్ముడు గుమ్మం వైపు చూశాడు.

“చెప్పరా నోరు తెరిచి!”

“గోడ పనిలో ఒక ముక్క నా పేరు మీద ఇస్తానన్నారు. అయితే ఏంటి? ఆ పనిలో మిమ్మల్నే పెట్టుకుంటాను కదా!”

“మా ఇళ్ళని సముద్రంలోకి తోసే గోడ మాచేతే కట్టిస్తావా? ఓరి నీ తెలివి తగలెయ్య!”

గోల లేచింది. ఎవరో చొక్కా పట్టుకున్నారు. అక్క అడ్డం వెళ్ళి చెయ్యి విడిపించింది, కానీ తమ్ముడి వైపు చూడలేదు.

“నట్టేట ముంచావురా నన్ను. పరాయివాడు చేస్తే పోట్లాడేదాన్ని. నీతో ఎలా పోట్లాడను?”

అప్పుడు పొంగింది వాడికి. “అమ్మ పోయిన రోజు నువ్వు గోడ మీదున్నావక్కా! దిగిరమ్మని కేకలేశాను. సందు పూడలేదన్నావు. నేనొక్కణ్ణే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏం ఒరగబెట్టింది నీ కట్టుబాటు? నీళ్ళలో పోనీ!”

అక్క కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. “ఆ రోజు నేను దిగుంటే ఈ వీధి ఆ రోజే పోయేదిరా. నువ్వూ నీళ్ళలోనే ఉండేవాడివి. అమ్మ కోసం ఏడవని రోజు లేదు. ఆ ఏడుపునే అమ్ముకున్నావు కదరా నువ్వు.”

తమ్ముడు బయటికి వెళ్ళిపోయాడు.

పడుచువాళ్ళు సమ్మె అన్నారు. పాత గోడ ముట్టుకోవద్దు, కూలిపోతే కూలిపోనీ, అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి.

“కూలితే ముందు ఎవరి నెత్తిన పడుద్ది?” ముసలి మేస్త్రి కసురుకున్నాడు. “మనం పని మానితే సముద్రం మానుద్దా?”

ఊరేగింపులో ముందు నడిచిన కాలేజీ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. “అక్కా, దీపస్తంభాన్ని కాపాడండి అని మేమే అరిచాం. ఈ గీత సంగతి మాకు తెలియదు.”

“మీ అట్టల మీద దీపస్తంభం బొమ్మ వేశారు. పక్కన మా వీధి వేశారా?”

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“కట్టింది వారసత్వం, కట్టినవాళ్ళు చెత్తా? ఈసారి వేసుకు రండి. ఊరికే రాకండి, తట్టలు కూడా పట్రండి.” అక్క కళ్ళు తుడుచుకుని లేచింది. “మన కట్టుబాటుతోనే కదా మనల్ని కొట్టారు. మంచిది. దాన్తోనే జవాబు చెబుదాం. గోడ మనమే మొదలెడదాం, వీధికి అవతల, సముద్రం వైపున.”

మర్నాడు ఆటుకి నీళ్ళు వెనక్కి తీసిన వేళకి వీధంతా దిగింది. కాంట్రాక్టరు తోలించిన రాళ్ళ గుట్ట దగ్గర్నుంచి నీళ్ళ అంచు దాకా మనుషులు వరస కట్టారు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళొచ్చారు. బస్తాలు మోసేవాళ్ళొచ్చారు. కాలేజీ పిల్లలు వచ్చి, మొదటి తట్టకే చేతులు బొబ్బలెక్కాయని మూలిగితే అందరూ నవ్వారు. ముసలి మేస్త్రి రాళ్ళ వరస వంకరపోకుండా దారం కట్టాడు. మొదటి రాయి కూర్చుంది. దాని పక్కన రెండోది. సందులో అక్క తాపీతో సున్నం దట్టించింది.

పోలీసులు రానే వచ్చారు. వెనక ఇంజనీరు, వెనకాలే తమ్ముడు.

“ఎవరినడిగి కడుతున్నారు? దిగండి!” ఇన్‌స్పెక్టరు గుడ్లురిమాడు.

“మమ్మల్నడిగి గీత గీశారా సార్?” అంది అక్క.

“ఇది నేరం, తెలుసా?”

“మునగడం నేరం కాదా అయితే?” అంది చేపలావిడ. గుంపు గొల్లుమంది.

ముందు ముసలి మేస్త్రిని రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. ఆయన వదిలిన దారం ఇంకొకడు అందుకున్నాడు. వాణ్ణీ లాగారు. దారం మరొకరి చేతికి వెళ్ళింది. అక్క జబ్బ పట్టుకున్నప్పుడు ఆవిడ పెనుగులాడలేదు. తాపీని కాలేజీ అమ్మాయి చేతిలో పెట్టి, “గట్టిగా దట్టించు, గాలి మిగలకూడదు” అని చెప్పి నడిచింది.

పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళకొచ్చినా వరస చెదరలేదు. వ్యాను ఒకటి నిండి రెండోది తెప్పించారు. గుట్ట దగ్గర మనుషులు ఇంకా చేరుతూనే ఉన్నారు.

ఇంజనీరు చికాగ్గా తమ్ముడి వైపు తిరిగాడు. “ఎంతసేపుంటారయ్యా వీళ్ళు?”

వ్యాను కిటికీ కమ్మీలు పట్టుకుని అక్క అరిచింది. “చెప్పరా తమ్ముడూ! సార్‌కి తెలియదు. నీకు తెలుసు!”

తమ్ముడు తల దించుకున్నాడు.

“సందు పూడేదాకా దిగరు సార్.”

“ఎప్పుడు పూడుతుంది ఆ సందు?”

తమ్ముడు రాళ్ళ చివరికి చూశాడు. కొత్త రాయి పెట్టిన ప్రతిసారీ దాని పక్కన కొత్త సందు తెరుచుకుంటోంది. వీధి పొడవునా నీళ్ళలో మనుషులు నిలబడి ఉన్నారు.

“గోడ మా వీధి చుట్టూ తిరిగొచ్చాక సార్” అన్నాడు.