మద్దమ్మ అడ్డురాయి

మద్దమ్మను చంపింది మీరు. కాలువ క్యాంపు ఆసాములారా, సీతారామారావుతో సహా మీ అందరినీ అంటున్నాను. ఆమె తొందరపడి బండిలోంచి దూకిందని, తన చావు తానే తెచ్చుకుందని చావడిలో కూర్చుని పోలీసు దఫేదారుకు చెప్పారు. దూకిన మాట నిజం. ఎందుకు దూకిందో మింగేసి, దూకిందని మాత్రం చెప్పడం అబద్ధం కంటే నీచం. మీరు మింగిన సగం నేను చెబుతాను.

కాలువకు నీళ్లొచ్చి పదేళ్లు దాటింది. మీరు కోస్తా నుంచి వచ్చి ఈ నల్లరేగడిని వరిమడి చేశారు. కష్టపడ్డారు, కాదనను. కానీ ఆ మడుల్లో నాటు వేసింది మా కెంచనగుడ్డ ఆడవాళ్లు. ఊరు కాలువకు ఇవతల, మీ మడులు అవతల. మధ్యలో పెద్ద కాలువ కట్ట. కట్ట మీదికి పోయే మట్టిబాట ఏటవాలుగా, ఇంటి కప్పు మీదికి నిచ్చెన వేసినట్టు ఉంటుంది. ఆ బాట మొదట్లో మలుపు, మలుపు పక్కనే తూము మడుగు. అందులో ఎద్దు పడితే ఎద్దు కూడా తేలదు.

కూలీల్ని తోలడానికి సీతారామారావు బళ్ళారిలో ఒక పాత మూడు చక్రాల బండి కొన్నాడు. అది అంతకుముందు సోడాబుడ్లు మోసిన బండి. రేకు మీద సోడాబుడ్డి బొమ్మ సగం చెరిగి అట్లాగే ఉంది. ఆడవాళ్లు దాన్ని సోడాబండి అనేవాళ్లు. కట్ట మీదికి ఎక్కుడు మొదలయ్యే చోటుకు రాగానే ఆ బండికి ఆయాసం వచ్చేది. అందరూ దిగేవాళ్లు. ఖాళీ బండి పొగ కక్కుకుంటూ పైకి పోయేది, వీళ్లు బురదలో జారుకుంటూ వెనకాల ఎక్కేవాళ్లు. అందరికంటే వెనక, బండి చక్రానికి దగ్గరగా మద్దమ్మ నడిచేది. ఆమె చేతిలో రాయి ఉండేది.

ఆ రాయి సంగతి మీకు తెలియదు. మద్దమ్మ మొగుడు సిరుగుప్పకు ఎద్దుల బండి తోలేవాడు. ఎక్కుడు వస్తే బండి వెనక ఒక మనిషి అడ్డురాయి పట్టుకుని నడవాలి. ఎద్దులు ఊపిరి తీసుకోడానికి ఆగితే చక్రం కింద రాయి పెట్టాలి. ఇది మా వైపు బండివాళ్ల పద్ధతి. అతని బండి వెనక నడిచింది మద్దమ్మే. ఆ రాయి బండ్రి దగ్గర కొండ నుంచి అతను తెచ్చిన ఇనపరాయి. చూడ్డానికి టెంకాయంత, ఎత్తితే రుబ్బురోలంత బరువు. మొగుడు పోయాడు, ఎద్దుల్ని అమ్మేశారు. రాయి ఇంట్లో మిగిలింది. సోడాబండి వచ్చాక ఎవరూ చెప్పకుండానే ఆమె రాయి తెచ్చుకుని వెనక నడవడం మొదలుపెట్టింది. మొగుడి ఆస్తి మోస్తోందని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. మీకు ఎకరాలుండాయి, నాకు ఇదుండాది అనేది.

ఈ ఏడు రెండో పంటకు నీళ్ల వంతు ఆలస్యమైంది. అందరి మడులూ ఒక్కసారే నాటాలి. కట్ట దగ్గర ఆడవాళ్లు దిగి ఎక్కేసరికి పొద్దెక్కుతోందని సీతారామారావుకు కోపం. తాయప్పను పిలిపించాడు. తాయప్ప పంపుసెట్టు మేస్త్రి. కాలువ వెంట ఏ మోటారు ఆగినా అతనే పోవాలి. మనుషుల్ని కూర్చోబెట్టుకునే ఎక్కేట్టు బండికి బలం పెంచమన్నాడు రావు. తాయప్పకు మూడు చక్రాల ఇంజిన్ కొత్త. అయినా ఒప్పుకున్నాడు. పని అంటే అతనికి పిచ్చి.

బియ్యం మిల్లు షెడ్డులో గోనె పరిచి ఇంజిన్ విప్పాడు. లోపలంతా మసి. పిస్టన్ రింగులు అరిగిపోయి సిలిండర్ గోడకు గీతలు పడ్డాయి. అందులోంచే బలం కారిపోతోందని చూపించాడు. సిలిండర్‌ను మూటగట్టుకుని బళ్ళారి పోయి, లేత్ మీద లోపల తొలిపించి వెడల్పు చేయించాడు. దానికి సరిపడే పెద్ద పిస్టన్ కోసం గుంతకల్లు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాడు. పెట్రోలూ గాలీ కలిసి పోయే దారిని ఆకురాయితో పెద్దది చేశాడు. పైన మూతలాగా ఉండే హెడ్డును అద్దం పలక మీద పెట్టి మందు పూసి అరగదీశాడు. అది ఎంత కిందికి దిగితే లోపలి గాలి అంత గట్టిగా నలుగుతుంది, అంత గట్టిగా తన్నుతుంది. బిగించి, కాలితో తన్ని స్టార్టు చేసిననాడు సోడాబండి గొంతే మారిపోయింది. వడ్ల మూటలు వేసి కట్ట ఎక్కించారు. ఎక్కింది, ఆగకుండా. హంపయ్య, అంటే ఆ బండి తోలేవాడు, పైన నిలబడి మీసం దువ్వుకున్నాడు. ఆడవాళ్లూ సంతోషపడ్డారు. మోకాటి బురదలో నడిచే పని తప్పింది కదా.

మద్దమ్మ ఒక్కతే బండి చుట్టూ తిరిగి చూసింది.

"ఎక్కేదానికి బలం పెట్టినావు తాయప్పా, బాగుండాది. నిలబడేదానికి ఏం పెట్టినావప్పా?"

"నిలబడేదేంది మద్దక్కా. ఇది ఆగేది కాదు."

"నా ఎద్దులూ ఆగేవి కావు. అయినా రాయి మోసినా."

అందరూ నవ్వారు. తాయప్ప నవ్వలేదు. అక్కడే వంగి బ్రేకులు విప్పాడు. లోపలి పట్టీలు అరిగి రేకుల్లాగా ఉన్నాయి. లాగే తీగ సాగిపోయింది. ఖాళీ సోడాబుడ్లను ఆపడానికి చేసిన బ్రేకులు అవి. కొత్త బలానికి తగ్గ బరువును అవి ఆపలేవు. పోయి రావుకు చెప్పాడు. ఇంకో మాటా చెప్పాడు. కొత్త పిస్టన్ ఇంకా ఒదగలేదు, కొన్నాళ్లు సగం బరువుతోనే తోలాలి, లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది అని.

మిల్లు అరుగు మీద మీతోపాటు నేనూ ఉన్నాను. కూలి సంఘం తరఫున పోయాను. రావు చెప్పింది నా చెవులతో విన్నాను.

"నాట్లయ్యాక చూద్దాంలేవయ్యా. నీళ్లు నీ బ్రేకుల కోసం ఆగుతాయా?"

తాయప్ప బండి తాళం అరుగు మీద పెట్టి వచ్చేశాడు. అక్కడ అతను తప్పు చేశాడు. ఆ తాళం ఇవ్వకుండా ఉండాల్సింది. అతన్ని నేను వెనకేసుకు రాను. తర్వాత నా దగ్గర తలొంచుకుని చెప్పాడు: "నా చెయ్యి నిలబడి పనిచేసే ఇంజిన్లకే అలవాటు పడిండాదన్నా. పంపుసెట్టు యాడికీ జారిపోదు గదా. నాకు మద్దక్క అడిగేదాకా బ్రేకు సంగతే తోచలేదు." అతను తెలియక చేశాడు, తెలిశాక చెప్పాడు. మీరు విని కూడా చేశారు.

మర్నాడు నీళ్లొదిలారు. సగం బరువు కాదు, ఇదివరకటి కంటే ఇంకో వరస ఎక్కువమందిని కుక్కారు. ఎక్కుడు దగ్గర ఆపొద్దని, ఎవర్నీ దింపొద్దని హంపయ్యకు హుకుం. మద్దమ్మ దిగుతానంది. సుమ్నే ఊరక కూర్చో, మన దణి రావు తిడతాడన్నాడు హంపయ్య. ఆమె బండి వెనక అంచున, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. ఒళ్లో రాయి.

సగం ఎక్కాక ఇంజిన్ గొంతు మారిందని మద్దమ్మ చెల్లెలు ఎల్లక్క చెప్పింది. ఎల్లక్క ఆమె పక్కనే కూర్చుని ఉంది. కీచుమని ఏడ్చినట్టు అరిచి, ఒక్కసారిగా బిగుసుకుంది. పిస్టన్ పట్టేసింది. బండి అక్కడే నిలబడాల్సింది. కానీ ఇంజిన్ ఆగితే క్లచ్ నొక్కి మళ్లీ స్టార్టు చేయడం హంపయ్యకు అలవాటు. నొక్కాడు. ఇంజిన్ పట్టు వదిలి చక్రాలు స్వేచ్ఛగా తిరిగాయి. బ్రేకు తొక్కాడు. తీగ తెగింది. ఆడవాళ్లతో నిండిన బండి వెనక్కి జారింది. వెనక తూము మడుగు.

ఇప్పుడు వినండి, మీరు మింగిన సగం. మద్దమ్మ దూకింది. పారిపోవాలనుకుంటే పక్కకు దూకేది. వెనక్కి, చక్రం దారిలోకి దూకింది. జారి వస్తున్న చక్రం కింద రాయి పెట్టింది. మొగుడి బండికి పెట్టినట్టే, రెండు చేతులతో. చక్రం రాయి మీదికి ఎక్కి, నిలబడి, బండి పక్కకు తిరిగి ఒరిగింది. ఒరిగిన బండికీ కట్టకూ మధ్య ఆమె నలిగిపోయింది. బండి మడుగులో పడలేదు. లోపలున్న ఒక్క ఆడమనిషికీ చేయి విరగలేదు.

ఎల్లక్క చేతుల్లోనే ప్రాణం పోయింది. చివరికి ఆమె అడిగింది ఒక్కటే.

"నిలబడిందా?"

నిలబడిందని ఎల్లక్క చెప్పింది.

మూడో నాడే బండిని మిల్లుకు ఈడ్చుకుపోయారు. పిస్టన్ ఊడదీసి గీతలు రుద్దమని తాయప్పకు కబురు పెట్టారు. రాకపోతే బండి పాడుచేశావని కేసు పెట్టిస్తామన్నారు. రేపు పొద్దున మళ్లీ ఊళ్లోకి బండి పంపిస్తారట. నాట్లు మిగిలిపోయాయట. బ్రేకుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

బండి పంపండి. మా ఆడవాళ్లు ఎక్కరు. నారుకట్టలు గట్టున ఎండిపోనీ. ముందు ఆ బ్రేకులు, తీగలు, పట్టీలు అన్నీ కొత్తవి వేయించండి. తాయప్ప చేసిన ఇంజిన్‌కు తగ్గవి, సోడాబుడ్లకు తగ్గవి కాదు. అవి వేశాక కూడా ఎక్కుడు దగ్గర బండి ఆగాలి, ఆడవాళ్లు దిగి నడవాలి. ఆ నడక కూడా పని కిందే లెక్క. బండి వెనక ఒక మనిషి అడ్డురాయి పట్టుకుని నడుస్తుంది. ఆ రాయి ఎల్లక్క దగ్గరుంది, మీరు ఇవ్వక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చావడికి పొండి. అందరూ పొండి, సీతారామారావు ముందు నడవాలి. బండి నాది, బ్రేకులు లేవని నాకు తెలుసు, మద్దమ్మ బండిని ఆపడానికే దూకింది అని ఆ దఫేదారు ముందు నోటితో చెప్పాలి. పొండి. ఈ పొద్దే చెప్పండి.