స్తంభానికి ముందు ఇరవై మూడు బొమ్మలు

కారు తుడవడం ఆమె వంతు, నడపడం ఆయన వంతు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ పంపకం గురించి ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. ఆ ఉదయం మాత్రం ముందు అద్దం తుడుస్తూ ఆమె తనలో తానే నవ్వుకుంది. పదకొండు గంటలకు డ్రైవింగ్ పరీక్ష! మూడో కంటికి తెలియకుండా నేర్చుకుంది.

చెబితే ఏమంటారో తెలుసు. ఒకసారి నోరు జారి "నేనూ నేర్చుకుంటా" అన్నందుకు భర్త పడీపడీ నవ్వాడు. "నువ్వు నడిపితే అది కారు కాదే, కార్టూను!" అత్తగారు అందుకుంది: "కాలు కింద పెట్టనివ్వకుండా వాడే దింపి, వాడే తీసుకొస్తుంటే ఇంకేం కావాలమ్మా?" ఆ కాళ్ళు తెల్లవారుజాము నుంచి వంటింట్లో నిలబడే ఉన్నాయని ఆవిడకు గుర్తు రాలేదు.

కార్టూను అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆమెకు అన్నం పెట్టేది అదే మరి. కార్టూన్ సినిమాలు తీసే స్టూడియోలో, ఒక్కో కదలికకు పెద్ద ఆర్టిస్టు మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీసి పడేస్తాడు. వాటిని కలిపి కదిలించే మధ్య బొమ్మలన్నీ ఆమెవి. కొండ అంచు దాటి గాలిలో పరుగెత్తే కార్లు, చెట్టుకు గుద్దుకుని మడతలు పడే కార్లు, చక్రాలు ఊడి దేని దారి అది చూసుకునే కార్లు. పెళ్ళికి ముందు నుంచీ, పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల ప్రమాదాలు గీసిందో! తెర మీద పేరు మాత్రం పెద్ద ఆర్టిస్టుదే.

ఆ అలవాటే కొంప ముంచబోయింది. కార్టూన్లో దారి తిన్నగా ఉన్నా స్టీరింగు అటూ ఇటూ ఊగాల్సిందే, లేకపోతే బొమ్మ చచ్చినట్టుంటుంది. నేర్చుకోవడానికి వెళ్ళిన మొదటిరోజు ఆమె చేతులూ అలాగే ఊగాయి. కారు తాగినవాడిలా పోయింది. నేర్పే మేడమ్ తన వైపు బ్రేకు తొక్కి, "ఏమ్మా, అది స్టీరింగా, ఉయ్యాలా? దారి తిన్నగా ఉంటే చేతులూ ఊరుకోవాలి" అంది.

పరీక్షలో చేతులు ఊరుకున్నాయి. పాసయింది! కాగితం చేతికి రాగానే, వయసు సంగతి మరిచి అక్కడే ఒక గెంతు గెంతింది.

మధ్యాహ్నం స్టూడియోలో ఆమె బల్ల మీద కొత్త సీను. మొదటి బొమ్మలో కారు అద్దంలో చూసుకుని పెదవులకు రంగు వేసుకుంటున్న ఆడమనిషి. చివరి బొమ్మలో స్తంభానికి చుట్టుకుపోయిన కారు.

"మధ్యలో ఇరవై మూడు," అన్నాడు పెద్ద ఆర్టిస్టు. "మగాడు గుద్దితే ప్రమాదం, ఆడది గుద్దితే నవ్వు."

ఆమె ఒళ్ళు మరిచి గీసింది. ఇరవై మూడో బొమ్మలో కారు స్తంభం పక్కనుంచి హాయిగా దాటిపోయింది. చివరి బొమ్మను తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, "ఇది పనికిరాలేదండీ" అంది.

సాయంత్రం స్టూడియో గేటు దగ్గర భర్త హారన్ కొట్టాడు. ఆమె ఆయన వైపు తలుపు తెరిచి కాగితం చూపించింది.

"పక్క సీట్లోకి జరగండి."

"మతి పోయిందా? ఎవరినైనా గుద్దితే?"

"పన్నెండేళ్ళుగా గుద్దుతూనే ఉన్నానండీ, కాగితం మీద. ఇక చాలు."

వీధి మొదట్లోనే దీపస్తంభం. "స్తంభం! స్తంభం!" అని ఆయన సీటు పట్టుకుని ఊగిపోయాడు. ఆమె చేతులు ఊగలేదు. స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇల్లు ఎడమవైపు కదే!"

"తెలుసండీ. ఇంకాస్త నడపాలనుంది," అంది, కారును తిన్నగా పోనిస్తూ. "రేపు పొద్దున అద్దాలు మీరు తుడవండి."