ఖాళీ చుట్టు

పాకం పట్టిన వేరుసెనగపప్పును బల్ల మీద పోసి, రోలరుతో అదిమి, గట్టిపడేలోగా కోసెయ్యాలి. ఆ ‘లోగా’ అన్నదే రంగప్ప ఉద్యోగం. తొందరపడితే పాకం కత్తికి అంటుకుని సాగుతుంది, ఆలస్యమైతే పెళుసుగా విరుగుతుంది. కోవిల్‌పట్టిలో ఈ మిఠాయి చేసే షెడ్లు వీధికొకటి ఉన్నాయి గనక ఇదేమంత గొప్ప విద్య కాదు. గొప్ప విద్య అని రంగప్ప కూడా ఎన్నడూ అనుకోలేదు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, భుజాలు ముందుకు వాలి ఉంటాయి. ముంజేతుల మీద పాకం చిట్లి కాలిన మచ్చలు. ఎన్నిసార్లు ఉతికినా అతని చొక్కాల్లోంచి బెల్లం వాసన పోదు.

ఆ ఉదయం మాత్రం కత్తి అతని మాట వినడం లేదు. కొన్ని గీతలు సమంగా పడతాయి. ఆ తర్వాత చెయ్యి గాలిలో ఆగిపోయి, ఒక ముక్క మేర వదిలేసి, అవతల పడుతోంది. పళ్ళెంలో బుద్ధిగా కూర్చున్న ముక్కల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి రెండింతల వెడల్పు ముక్కలు తేలాయి.

సూపర్వైజరు కలైసెల్వి ఒకదాన్ని తీసి ఎత్తి చూపించింది. “ఏమన్నా, ఇది మిఠాయా, ఇటుకా?” అని తమిళంలో అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. రంగప్ప కూడా నవ్వి కత్తి తుడుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ వదిలాడు. చేతికి ఏం చెప్పినా ఎక్కడం లేదు, అది తెల్లవారినప్పటినుంచీ తాళం వేస్తోంది.

రంగప్ప ఉరుమి మేళంలో తాళం మనిషి. సుడలైమాడన్ నాయనం, అంటే పెద్ద సన్నాయి, ఊదేవాడు, కరుప్పసామి తవిలు అనే డోలు వాయించేవాడు. సుబ్బురాజ్ ఉరుమి పట్టేవాడు. వంపు పుల్లతో తోలు మీద రాస్తే మూలిగే డోలు అది. ఇక మిగిలిన రెండు ఇత్తడి బిళ్ళలు రంగప్పవి. తమిళంలో ఆ తాళాన్ని జాల్రా అంటారు, వంత పాడేవాణ్ణి కూడా జాల్రా అనే అంటారు. పెళ్ళిళ్ళలో కుర్రకారు ఆ మాట పట్టుకుని ఆటపట్టిస్తే అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. మేళం ఫొటోల్లో అతను ఎప్పుడూ అంచునే ఉంటాడు, కొన్నిట్లో సగమే ఉంటాడు.

వాళ్ళ మేళానికి ఒక ఆనవాయితీ ఉంది. పాటలో ఒక్కొక్కరికి ఒక్కో చుట్టు వస్తుంది. నాయనానికి ఒకటి, తవిలుకి ఒకటి, ఉరుమికి ఒకటి. మేళంలో ఎవరైనా పోతే, కరుమాది, అంటే పెద్దకర్మ, లోపల ఏదో ఒక రోజు దీపాలు పెట్టకముందే, మిగిలినవాళ్ళు కూర్చుని అతనికి ఇష్టమైన పాట వాయించాలి. పోయినవాడి చుట్టు వచ్చినప్పుడు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, తాళం కూడా ఆగాలి. ఆ ఖాళీని తాళం మనిషి మనసులో కొలిచి, సరిగ్గా అది ముగిసేచోట ఒక్క దెబ్బ వెయ్యాలి. దాన్ని చోటు విడవడం అంటారు. బతికున్నవాడు ఆలస్యం చేస్తే మాత్రం చోటు విడవరు. వాడు అందుకునేదాకా తాళం అక్కడికక్కడే చిన్నగా మోగుతూ ఉండాలి. దాన్ని కాచుకోవడం అంటారు.

నిరుడు కరుప్పసామి పోతే ముగ్గురూ కలిసి చోటు విడిచారు. ఇప్పుడు సుడలైమాడన్ పోయాడు. రేపే కరుమాది. సుబ్బురాజ్ విరుదునగర్‌లో కూతురింట మంచం పట్టి ఉండడంతో చోటు ఇంకా విడవలేదు. పొద్దున్నే ఆ కూతురు ముత్తులక్ష్మి ఫోన్ చేసింది. “సిన్నాయినా, అయ్య నిన్ను రమ్మంటా ఉండాడు. ఈపొద్దే వస్తివంటే మేలు” అంది.

అందుకే మిఠాయి ఇటుకలవుతోంది. సుడలైమాడన్ బతికినన్నాళ్ళూ తన వంతు కోసం ఎవరితోనైనా కొట్లాడిన మనిషి. చావులో వాడి వంతు ఎగ్గొడితే ఊరుకునే రకం కాదు. రంగప్పకి అది వేళాకోళమేమీ కాదు, నిజంగానే భయం.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే వెళ్ళి సెలవడిగాడు. కలైసెల్వి మొహం చిట్లించుకుంది. ఎవరికి బాగాలేదని అడిగింది. తమిళంలో ఇదంతా ఎలా చెప్పాలో తెలియక, కూటాళి, అంటే జతగాడు, పోయాడన్నాడు.

“పోయిన వారమూ కూటాళే కదన్నా? నీకెంతమంది కూటాళ్ళు?”

“ఇంక ఒక్కడే” అన్నాడు రంగప్ప.

ఆమె అతని మొహం చూసి, సరే పొమ్మంది.

తాళాలను తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. కాసేపు కూర్చుంటాడు, కాసేపు లేచి కమ్మీ పట్టుకుంటాడు. నల్లరేగడి చేలు, సర్కారు తుమ్మలు, అగ్గిపెట్టెల గోడౌన్లు వెనక్కి పోతున్నాయి గానీ పొద్దు అంతకంటే వేగంగా వాలుతున్నట్టుంది. అతని వేళ్ళు ముందు సీటు కమ్మీ మీద టకటకలాడుతుంటే, ఆ సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగి, వేళ్ళు విరగ్గొడతానంది.

సాత్తూర్లో బస్సు నిలబడిపోయింది. డ్రైవరు టీకి దిగాడు. స్టాండులో మూలనున్న టీకొట్టు వైపు రంగప్ప చూడలేదు. కరుప్పసామి పోయింది అక్కడే. తిరునాళ్ళలో వాయించి వస్తూ, టీ గ్లాసు పట్టుకుని, చక్కెర తక్కువైందని గొణుగుతూ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత లేవలేదు. కొట్టువాడు చక్కెర తెచ్చి గ్లాసులో వేసి, కలిపి కూడా వెళ్ళాడు.

ఆ బెంచీ కళ్ళపడకుండా అటు తిరిగి నిలబడితే, ఎన్నాళ్ళుగానో తరుముతున్న ఆలోచన ఇవాళ దొరకపుచ్చుకుంది. కరుప్పసామికి ముగ్గురున్నారు. సుడలైమాడన్‌కి ఇద్దరున్నారు. తర్వాత సుబ్బురాజ్ అన్నకి తనున్నాడు. మరి తన చోటు విడవడానికి ఎవరున్నారు? తాళం లేకపోతే లేదని ఎవరికి తెలుస్తుంది? అతనికి డ్రైవరు మీద, పొద్దు మీద, ముందుగా పోయి హాయిగా ఉన్న ఇద్దరి మీదా కోపమొచ్చింది. బస్సు కదిలేదాకా దిగుతూ ఎక్కుతూనే ఉన్నాడు.

విరుదునగర్‌లో దిగేటప్పటికి పరోటా పెనాల మీద నూనె కాగుతోంది. పప్పు మండీల వెనక సందులోకి దాదాపు పరుగెత్తాడు. ముత్తులక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది.

“వస్తివా సిన్నాయినా. పొద్దున్నించీ అదే అడగతా ఉండాడు. గంజి కూడా వద్దంటాడు.”

సుబ్బురాజ్ మంచం మీద కోరగడ్డి చాప పరిపించుకుని పడుకుని ఉన్నాడు. పరుపు ఒళ్ళు మండిస్తుందని చాపే కావాలన్నాడట. తాయిల్‌పట్టిలో టపాసుల మందు కలిపిన ఏళ్ళన్నీ ఇప్పుడు ఛాతీలో గురగురలాడుతున్నాయి. ఒకప్పుడు ఉరుమి మెడలో వేసుకుని మైళ్ళు నడిచిన మనిషికి ఎముకలూ కళ్ళూ మాత్రమే మిగిలాయి.

“బస్సు సాత్తూర్లో నిలిపేసినాడా?” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“ఆమాన్నా” అని తలూపాడు రంగప్ప.

“ఆడ్నే నిలుస్తాది. కరుప్పసామి పట్టి నిలుపుతాడు.” నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, “పొద్దు ఉండాదా?” అని అడిగాడు.

“ఉండాదన్నా. ఉరుమి యాడ?”

“తోలు పగిలిపాయ. ఉన్నా మొయ్యను నాతో అవతాదా?” సుబ్బురాజ్ బొటనవేలు చాప అంచుకు ఆనించి గట్టిగా రాశాడు. ఎండిన కోరపోచలు గుర్రుమని మూలిగాయి. అచ్చం ఉరుమి కాదు గానీ, దాని పక్కింటి చుట్టం. “ఇది సాలదా?”

“సాలన్నా” అన్నాడు రంగప్ప. పొద్దున్నించీ తరిమిన తొందర ఆ మూలుగుతో కాస్త తగ్గింది. కింద బాసింపట్టు వేసుకుని తాళాలు తీశాడు.

ఎన్నడూ పాట ఎత్తినవాడు కాదు, అందుకని మొదటి దెబ్బ కొంచెం వణికింది. తర్వాత కుదురుకుంది. నాయనం చుట్టు వచ్చింది, రెండు చేతులూ విడదీశాడు. ఆ నిశ్శబ్దంలో సుడలైమాడన్ బుగ్గలు పొంగడం, ఎవరో తన వంతు లాక్కుంటారన్నట్టు ఓరగా చూడడం కనిపించాయి. చుట్టు ముగిసేచోట దెబ్బ పడింది. తవిలు చుట్టు కూడా అలాగే ఖాళీగా దాటింది. ఉరుమి చుట్టు రాగానే చాప మూలిగింది, తాళం దానితో నడిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బురాజ్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతున్నాడు.

“వాడికి సాలు. ఇంగ కొట్లాటకి రాడు” అన్నాడు. “ఇంగొక తూరి ఎత్తు.”

రంగప్ప మళ్ళీ ఎత్తాడు. నాయనం చోటు విడిచాడు, తవిలు చోటు విడిచాడు. ఉరుమి చుట్టు వచ్చింది. చాప పలకలేదు.

కాచుకున్నాడు. అక్కడికక్కడే చిన్న చిన్న దెబ్బలు వేస్తూ గోడకేసి చూస్తున్నాడు. సుబ్బురాజ్ అన్నకి ఇది పాత అలవాటే. జనం ఊపిరి బిగబట్టేదాకా ఊరికే ఉండి, అప్పుడు పుల్ల ఆనిస్తాడు. ఇప్పుడూ అంతే. ఛాతీలో గురగుర వినిపించడం లేదన్న సంగతి తెలిసింది. తెలిసినా మంచం వైపు తిరగలేదు. తాళం మోగుతున్నంతసేపూ అన్న ఆలస్యం చేస్తున్నట్టే లెక్క. చేతులు నొప్పి పుట్టేదాకా కాచుకున్నాడు. ఇంకా కాచుకుంటాడు. అతనికి ఎక్కడికీ పోవలసిన పని లేదు.

ముత్తులక్ష్మి దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“అయ్య నిద్రపోయినాడా సిన్నాయినా?”

కాచుకోవడానికీ చోటు విడవడానికీ తేడా తెలిసిన పిల్ల అది. చిన్నప్పుడు మేళం కాళ్ళ దగ్గరే పడుకుని పెరిగింది. రంగప్ప రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా విడదీసి, అలాగే ఉంచాడు.

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మండీలో మూటలు దించుతున్న చప్పుడు వినిపించింది. రంగప్ప ఆ చుట్టునంతా మనసులో కొలుస్తూ ఉంటే, సగం కాకముందే ముత్తులక్ష్మి అగ్గిపెట్టె వదిలేసి గడప మీద కూలబడింది. చుట్టు ముగిసింది. దెబ్బ పడవలసిన చోటే పడింది. అంత సరిగ్గా పడినందుకే అతనికి ఏడుపొచ్చింది.

తర్వాత ఇరుగుపొరుగు వచ్చారు, గొంతులు లేచాయి. చేయవలసినవి చేసేవాళ్ళు చేస్తున్నారు. ఎవరో మంచం మీది చాపను లాగి, చుట్టి, వాకిలి బయట గోడకు నిలబెట్టారు. రంగప్ప దాని పక్కనే చతికిలబడ్డాడు. చాప అంచున బొటనవేలు రాసినంత మేర కోరపోచలు తెల్లగా నలిగి ఉన్నాయి, ఒక పోచ తెగి పైకి లేచి ఉంది.