సారా కలిసిన పెట్రోలు

పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ ఇలా పచ్చబడిందో లేదో హనుమత్ప్రసాద్ బండి అలా ఆగిపోయింది. ఆ వారంలో ఇది మూడోసారి. వెనకున్న ఆర్టీసీ డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడం మానేశాడు. మెళ్ళో కంపెనీ బిళ్ళ ఊగుతుండగా ఓ కుర్రాడు "అంకుల్, జర పక్కకు తీయండి" అంటూ దూసుకుపోయాడు. అంకుల్! పట్టుమని నలభై కూడా నిండలేదు. హనుమత్ప్రసాద్ పళ్ళు నూరుకుంటూ బండి తోసుకుని రోడ్డు పక్కకి చేరాడు.

ఆయనది రేపల్లె. ఎర్రమంజిల్ దగ్గర జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. కాపురం అమీర్‌పేటలో. అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఏ స్తంభం చూసినా ఒరాకిల్. ఆ కంప్యూటర్ కోర్సుల బ్యానర్ల కింద నడిచేవాడు కర్బన రసాయనం చెప్పి బతుకుతున్నానంటే జనం జాలిగా చూసేవాళ్ళు. "ఇంకా కెమిస్ట్రీయేనా?" అని అడగని చుట్టం లేడు.

పక్క సందులో రాజనర్సయ్య అనే మెకానిక్ ఉన్నాడు. మొదటి రెండుసార్లూ ఆయనే బాగుచేశాడు. ఇప్పుడు బండి చూడగానే లేచి, ఏమీ అడక్కుండానే కార్బురేటర్ అడుగున మర వదులు చేసి, కోసిన నీళ్ళ సీసాలోకి పట్టాడు.

"చూడు సార్. మొన్న చెప్పిన, ఇయాల సుత చెప్తున్న. నీళ్లున్నయి. బంకోడు కలుపుతుండు."

సీసాలో పైన పెట్రోలు తేటగా ఉంది, అడుగున మసక పొర. అంత చిరాకులోనూ హనుమత్ప్రసాద్‌లోని మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఉత్త నీళ్ళు కావయ్యా ఇవి. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, నూటికి ఐదు పాళ్ళు. దానికి పెట్రోల్‌తో పొత్తు కుదురుతుంది, నీళ్ళంటే మాత్రం ప్రాణం. కాసిని నీళ్ళు చేరితే తనలో దాచుకుంటుంది. ఎక్కువైతే పెట్రోల్ని వదిలేసి నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోతుంది. ఇంజన్‌కి ముందు వెళ్ళేది ఆ అడుగుదే."

"ఇథనాల్ అంటే ఏంది సార్?"

"చెరకు మడ్డి పులియబెట్టి, కాచి, ఆవిరి పట్టి తీస్తారు..."

"సారా!"

"సారా కాదు. ఇథనాల్."

"మడ్డి పులవెట్టి బట్టి పెడితే సారానే గద సార్? మా దిక్కు గట్లనే చేస్తరు."

"అణువు అదే. కానీ ఇందులో నీళ్ళు చుక్క లేకుండా తీసేస్తారు. ఇది తాగేది కాదు, మండించేది. భూమిలోంచి తవ్వి తీసే పెట్రోలు ఒకసారి కాల్చేస్తే అయిపోయినట్టే. చెరకు మళ్ళీ ఏడు మళ్ళీ పండుతుంది. అందుకే కలుపుతున్నారు."

"అదే అంటున్నవ్, కాదంటున్నవ్," అన్నాడు రాజనర్సయ్య చేతులు తుడుచుకుంటూ. "నాకైతే సమజ్ కాలే."

హనుమత్ప్రసాద్‌కి మాత్రం బాగా సమజ్ అయింది. నెల రోజులుగా హైదరాబాదులో చినుకు లేదు. ఉక్కపోత తప్ప వాన జాడ లేదు. మరి ట్యాంకులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? బంకువాళ్ళు నేలలో పాతిన ట్యాంకులోంచే. ఆ తర్కంలో ఎక్కడా లోపం కనపడక, సీసా చేత్తో పట్టుకుని అమీర్‌పేట రోడ్డు మీద తాను రోజూ పెట్రోలు పోయించుకునే బంకుకి వెళ్ళాడు.

బంకు మేనేజరు జోగారావు అమలాపురం మనిషి, మర్యాదస్తుడు. "ఏంటండీ మాస్టారూ, ఎండన పడొచ్చారు?" అన్నాడు.

"మీ పెట్రోల్లో నీళ్ళున్నాయండీ. ఇదిగో!"

ఆ మాట కాస్త గట్టిగా వచ్చింది. లైన్లో ఉన్నవాళ్ళు బళ్ళు దిగారు. జోగారావు గాజు జాడీ తెప్పించి, అందరి ఎదుటా పంపులోంచి నేరుగా అందులోకి కొట్టించాడు. వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఒక్కటే పొర, గోదారి తేటనీరులా ఉంది.

"మరి నా సీసాలో ఇథనాల్ ఎందుకు విడిపోయింది?"

"ఇథనాల్ అంటే?" అన్నాడు జనంలోంచి ఒకడు.

"సారా అంట! మా మెకానిక్ చెప్పిండు," అన్నాడు ఇంకొకడు. రాజనర్సయ్య మాట ఆయనకంటే ముందే బయల్దేరింది కాబోలు.

"సారా కాదు బాబూ," అంటూ హనుమత్ప్రసాద్ జనం వైపు తిరిగాడు. "ఇథనాల్ కలపడం తప్పు కాదు. కలపమని ప్రభుత్వమే చెప్పింది. అది ఉండాల్సిందే. నేననేది..."

"చూసిండ్రా! సార్ సుత ఒప్పుకున్నడు, కలుపుతున్నరంట!"

ఆ తర్వాత ఆయన ఎంత అరిచినా ఎవరూ వినలేదు. జోగారావు ఆయన వంక చూసిన చూపులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఆదివారం. బజారుకని భార్య ఉదయలక్ష్మి ఇచ్చిన సంచీ పట్టుకుని బండి తియ్యబోతుంటే హనుమత్ప్రసాద్ మెడ మీద చల్లగా ఏదో పడింది. తుడుచుకున్నాడు. మళ్ళీ పడింది. తలెత్తి చూశాడు.

వాళ్ళ పై అంతస్తంతా కంప్యూటర్ కోచింగ్ సెంటర్. పిల్లల బళ్ళతో సందు కిటకిటలాడుతున్నా గోడ వారన ఒక్క చోటు మాత్రం రోజూ ఖాళీగా దొరికేది. తన అదృష్టమనుకుని రోజూ అక్కడే పెట్టేవాడు. ఆ చోటుకి సరిగ్గా పైన మూడు ఏసీలు వరసగా కారుతున్నాయి. ట్యాంకు మూత చుట్టూ ఉన్న పల్లంలో నీళ్ళు నిలిచాయి. తాళం రంధ్రం మీది రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఆయన చూస్తుండగానే ఓ బుడగ లేచింది, నీళ్ళు గుటకేసినట్టు లోపలికి దిగాయి.

"ఏమైందండీ?" అంది గుమ్మంలోంచి ఉదయలక్ష్మి.

"నేనే," అన్నాడు హనుమత్ప్రసాద్. "నీళ్ళు కలుపుతున్నది నేనే."

ఆ అవమానమంతా కాళ్ళలోకి దిగింది కాబోలు, రెండేసి మెట్లు చొప్పున పైకెక్కాడు. కోచింగ్ సెంటర్ నడిపే వంశీకృష్ణ నవ్వుతూ కుర్చీ చూపించాడు.

"ఏసీలు కట్టేస్తే స్టూడెంట్స్ పక్క బిల్డింగుకి పోతారండీ. పైపు పెట్టిద్దాం, చూద్దాం. అన్నట్టు మాస్టారూ, మీ సైన్సు వాళ్ళకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇట్టే వచ్చేస్తుంది. మీరు కింద ఉండేవారు కాబట్టి సగం ఫీజుకే..."

హనుమత్ప్రసాద్ ఆ మాట పూర్తికాకముందే వెనక్కి తిరిగాడు. ఇంకాసేపు ఉంటే నోట ఏ మాట వచ్చేదో ఆయనకే తెలియదు. కిందికి దిగి బండి తీసి సందు బయట రోడ్డు వారన పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే కాలేజీకి ముందు బంకుకి వెళ్ళి జోగారావుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. "తప్పు నాదండీ. మన్నించాలి."

"మీరు మన్నించమంటే సరిపోయిందాండీ," అన్నాడు జోగారావు నీరసంగా. "సగం బళ్ళు ఎదురు బంకుకి పోతున్నాయి. వాళ్ళు మాత్రం కలపట్లేదా? రాత్రి ఒకాయన గ్లాసు పట్టుకొచ్చాడండీ. గ్లాసు! వీళ్ళకి అర్థమయ్యేలా మీరే ఏదన్నా బోర్డు రాసిపెట్టండి."

హనుమత్ప్రసాద్ సుద్దముక్క తీసుకున్నాడు. మద్యసారం అని రాసి చెరిపేశాడు. ఆల్కహాల్ అని రాసి అదీ చెరిపేశాడు. చివరికి, 'ఈ పెట్రోలులో చెరకు నుంచి తీసిన ఇంధనం కొద్దిగా కలిసి ఉంటుంది. మీ ట్యాంకులోకి నీరు చేరకుండా చూసుకోండి' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

మొదట చదివినవాడు "చెరుకు రసం పోస్తుండ్రంట" అని పక్కవాడికి చెప్పాడు. రెండోవాడు చీమలు పడతాయా అని అడిగాడు. ఇద్దరూ, వాళ్ళ వెనకున్నవాళ్ళూ బళ్ళు పక్కకి తీశారు. హనుమత్ప్రసాద్ కణతలు నొక్కుకున్నాడు.

అప్పుడు ఓ ఆటో వచ్చి ఆగింది. నడిపేవాడు అభిలాష్. వెనక సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని వాళ్ళమ్మ సీతాబాయి. బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోతున్నారు.

"అమ్మా, గీ బంకుల సారా కలుస్తదంట," అన్నాడు అభిలాష్ బోర్డు కేసి అనుమానంగా చూస్తూ. "గుడికి పోతున్నం గద. వేరే తాన పోయిస్తా."

సీతాబాయి తల బయటపెట్టి, లైన్లో వాళ్ళందరికీ వినపడేలా అంది:

"ఎల్లమ్మ తల్లికి కల్లు సాక పోస్తలేమారా? అమ్మకు లేని పట్టింపు నీ ఆటోకెందుకు? పోయించు, ఎండెక్కుతుంది."

ఎవరో నవ్వారు. "నిజమే గద," అన్నాడు ఒకాయన. పక్కకి తీసిన బళ్ళు ఒక్కొక్కటీ మళ్ళీ లైన్లోకి వచ్చాయి. పంపు కుర్రాళ్ళు చేతులు ఖాళీ లేకుండా కొట్టడం మొదలుపెట్టారు.

కల్లు వేరు, సారా వేరు, ఇది ఆ రెండూ కాదు, అసలు సంగతి నీళ్ళది. హనుమత్ప్రసాద్‌కి గొంతు దాకా వచ్చింది. ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచాడు. జోగారావు గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఇంకేమీ చెప్పకండి."

తన పదేళ్ళ పాఠాల్లో ఒక్క మాట దగ్గర ఇంత కష్టపడి ఆగింది లేదు. హనుమత్ప్రసాద్ నోరు మూసుకుని, సుద్ద అంటిన చేతులు దులుపుకుని, సీతాబాయి ఆటో వెనక తన బండి నిలబెట్టుకున్నాడు.